గాలి కట్టిన రేవు - మలక్కా

ఒక నగరమును చూచుటకు రెండు త్రోవలు కలవు. రైలులోనో, బస్సులోనో పోయి పెరటివైపునుండి ప్రవేశించుట ఒకటి. ఓడలో పోయి, ఆ నగరము ఎవరి రాకకై ఎదురుచూచుచు కూర్చున్నదో వారివలె వీధిగుమ్మమునుండి ప్రవేశించుట రెండవది. ఓడరేవులైన పురములను రెండవ త్రోవనే చూడవలెనని పెద్దలు చెప్పగా వినియుంటిమి. ఆ మాటలోని నిజమెంతయో తెలిసికొనుటకు మాకు మలక్కా యాత్రవలన అవకాశము కలిగెను. ఆ యాత్రలో మేము చూచినదియు, ఆ నగరమును గూర్చి తెలిసికొన్నదియు ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

మలక్కా నేటి మలేసియా దేశమున, పడమటి తీరముపైన, కౌలాలంపూరునకు దక్షిణముగా సుమారు 150 కిలోమీటర్ల దూరమున ఉన్నది. దానికెదురుగా సముద్రమున కావల సుమత్రా ద్వీపము. నడుమనున్న జలసంధికి ఈ నగరము పేరే నిలిచినది. జలసంధి పొడవు సుమారు 800 కిలోమీటర్లు. నేటికిని ప్రపంచ వర్తకములో పెద్దభాగము ఈ ఇరుకు సందులోనుండియే పోవలెను. ఏటేట 80,000 పైచిలుకు ఓడలు దీనిగుండ సాగిపోవుచున్నవి. వానిలో మలక్కావద్ద ఆగునవి మాత్రము లేవనియే చెప్పవచ్చును. ఒకప్పుడు తూర్పు సముద్రములన్నిటికి సంతవీధియైన నగరమును నేటి ఓడలు పలుకరింపకయే దాటిపోవుచున్నవి. అది ఏల కట్టబడినది? ఏల ఆగిపోయినది? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము గాలిలో ఉన్నది.

మేము నలుగురము. పడవ మా మిత్రునిది. 36 అడుగుల పొడవు, ఒక కొయ్య, రెండు తెరచాపలు. గాలి లేనప్పుడు నడపుటకు చిన్న యంత్రము కూడ కలదు. నలుగురిలో ఇద్దరకు మాత్రమే సముద్రము తెలియును. తక్కిన ఇద్దరము వంట చేయుటకును, రాత్రివేళ కాపలా కాయుటకును ఉపయోగపడితిమి. మే నెలలో పెనాంగు ద్వీపమునుండి బయలుదేరి, పాంగ్కోరు ద్వీపమువద్దను, పోర్టు డిక్సనువద్దను ఆగుచు, దక్షిణముగా సాగితిమి.

జలసంధిలో తెరచాప పడవ నడపుట కావ్యములలో చదివినంత సుఖమైన పని కాదు. నడుమ నూనె ఓడలకును, సరకుల ఓడలకును ఏర్పరచిన బాటలు కలవు. పోవు ఓడలు ఒక బాటను, వచ్చు ఓడలు ఒక బాటను నడచును. వాని దారిలోనికి చిన్న పడవ పోరాదు. అందుచే ఒడ్డువైపు జరుగవలెను. ఒడ్డువైపు బెస్తవారి వలలు. రాత్రియందు వలల కొసలకు కట్టిన చిన్న దీపము మిణుకుమనును. కొన్నిటికి అదియు ఉండదు. మూడేసి గంటల చొప్పున వంతులు వేసికొని, ఒకరు చుక్కాని పట్టగా ఒకరు ముందుకొనను కూర్చుండి చీకటిలోనికి చూచుచుండవలసినదే.

రెండవ నాటి తెల్లవారుజామున పడమటి దిక్కున నల్లని మబ్బు ధనుస్సువలె వంగి లేచెను. చూచుచుండగనే చల్లని గాలి కొట్టెను. మా మిత్రుడు కేకవేసి తెరచాపను సగమునకు చుట్టించెను. గంటసేపు వాన, మెరుపులు, ప్రక్కకు వ్రాలిన పడవ, వంటగదిలో దొర్లిన గిన్నెలు. పిమ్మట ఏమియు జరుగనట్లు సముద్రము చదునయ్యెను. దీనినే నావికులు 'సుమత్రా' అందురు. సుమత్రా కొండలపై రాత్రివేళ పుట్టి, తెల్లవారుజామునకు జలసంధిని దాటివచ్చు గాలివాన ఇది. ఏప్రిలు మొదలు నవంబరు వరకు దీని కాలము.

ఈ గాలివాన తప్ప, మేము ప్రయాణము చేసిన దినములలో ఎక్కువభాగము గాలి చాలక యంత్రమునే నమ్ముకొంటిమి. మొదట ఇది మాకు నిరాశ కలిగించెను. కాని మలక్కా పుట్టుక రహస్యము ఈ గాలి లేమిలోనే ఉన్నది.

మన బంగాళాఖాతమునందును, చీనా సముద్రమునందును సంవత్సరము రెండు పాళ్ళుగా చీలియుండును. వేసవి వెళ్ళిన తరువాత నైరృతి గాలి. శీతకాలమున ఈశాన్య గాలి. ఆవిరి ఓడలు రాకమునుపు ఏ వర్తకుడైనను ఈ రెండు గాలులకు లోబడి నడువవలసినవాడే. చీనా ఓడలు ఈశాన్య గాలితో దక్షిణమునకు దిగివచ్చి, నైరృతి గాలితో ఇంటికి మరలును. మన దేశమునుండి పోవు ఓడలకు ఇది తలక్రిందులు: నైరృతి గాలి వానిని తూర్పునకు త్రోయును, ఈశాన్య గాలి మరల ఇంటికి తెచ్చును. అనగా ఒకరిని ఇంటికి చేర్చు గాలి మరియొకరిని ఇంటినుండి పంపు గాలియే. ఒకే ఓడ మన తీరమునుండి చీనాకు పోయి రావలెనన్న త్రోవలో గాలి మారువరకు కాచుకొని, ఏడాదికి మించి కాలము గడపవలెను. అంతకంటె నడుమ ఒకచోట కలిసికొని, సరకులు మార్చుకొని, ఎవరి గాలితో వారు మరలుట మేలు.

ఆ నడిమిచోటునకు మూడు లక్షణములు కావలెను. రెండు గాలులును వచ్చి ముగియు చోటై ఉండవలెను. కాచుకొని ఉన్న ఓడలను ఆ గాలులు కొట్టకుండ అడ్డముండవలెను. మంచినీరు దొరుకవలెను. మలక్కాకు ఒక ప్రక్క మలయా ద్వీపకల్పపు కొండలును, మరియొక ప్రక్క సుమత్రా కొండలును గోడలవలె నిలిచి రెండు పెద్దగాలులను విరుచుచున్నవి. నగరము నడుమనుండి ఒక చిన్న నది సముద్రమున కలియుచున్నది. మాకు విసుగు పుట్టించిన నిశ్చలత నాటి ఓడలకు తల్లి ఒడి వంటిది.

సుమారు 1400 ప్రాంతమున పరమేశ్వరుడను రాజకుమారుడు ఈ నదీముఖమున స్థిరపడి రాజ్యము స్థాపించెను. 1405 మొదలు 1433 వరకు హిందూ మహాసముద్రమున తిరిగిన చీనా సేనాని జంగ్ హ నౌకాదళములు ఇచ్చట ఆగి, సరకులు నిలువచేసికొని, గాలికొరకు కాచుకొనెడివి. చీనా చక్రవర్తి అండ దొరకుటచే సయాము రాజులు ఈ చిన్న రాజ్యమును మ్రింగలేకపోయిరి. నూరేండ్లు తిరుగకముందే మలక్కా పేరు యూరపువరకు ప్రాకెను. 1512లో ఇచ్చటికి వచ్చిన తోమె పిరేష్ అను పోర్చుగీసు ఔషధవర్తకుడు, ఈ రేవులో 84 భాషలు వినవచ్చునని వ్రాసెను. లెక్క కొంచెము హెచ్చుగా తోచినను, విన్నవాని ఆశ్చర్యము నిజమైనదే.

అయిదవనాటి మధ్యాహ్నమున మేము మలక్కా ఎదుటికి చేరితిమి. దూరమునుండి మొదట కనబడినవి ఎత్తైన హోటళ్ళు. వాని సందునుండి ఒక చిన్న గుట్టయు, గుట్టపైన కప్పులేని గుడి గోడయు, దాని ముందర తెల్లని దీపస్తంభమును కనబడినవి. శతాబ్దములపాటు నావికులు ఈ గుట్టను గుర్తుగా పెట్టుకొనియే ఓడలను మలక్కావైపు త్రిప్పిరి. మేమును అట్లే త్రిప్పితిమి. ఒడ్డు దగ్గరపడినకొలది నీరు మట్టిరంగు తిరిగెను. లోతు చూపు యంత్రము పది బారలు, ఏడు బారలు, అయిదు బారలు అని దిగజారుచుండెను. ఒడ్డింకను చాల దూరమున ఉండగనే లంగరు వేయవలసివచ్చెను. అడుగున మెత్తని బురద. ఒక్కరు ఎల్లప్పుడును పడవమీద ఉండవలెనని నిశ్చయించి, తక్కిన ముగ్గురము చిన్న దోనెలో ఒడ్డునకు పోతిమి.

ఓడ గట్టు చేరని ఈ రేవు మాకు క్రొత్త కాదు. మాది బందరు. మచిలీపట్టణమున కూడ పెద్ద ఓడలు దూరమున సముద్రముమీదనే లంగరు వేయగా, సరకు చిన్న పడవలపై ఒడ్డు చేరెడిదని మా తాతలు చెప్పెడివారు. మలక్కాలోను పూర్వమునుండి అదియే పద్ధతి. నది లోనికి తేలిక పడవలే పోగలవు. రేవన్న గట్టు కాదు, నమ్మకముగా ఓడ నిలుపుకొనదగిన నీరు అని అక్కడ మాకు బోధపడెను.

నీటితోపాటు నమ్మదగిన న్యాయము కూడ కావలెను. నేడు పరదేశపు రేవు చేరిన పడవవారు మొదట పసుపుపచ్చ జెండా ఎత్తి, ప్రవేశానుమతుల కచేరికి, సుంకపు కచేరికి, రేవు అధికారి కచేరికి తిరిగి కాగితములపై ముద్రలు వేయించుకొందురు. మలేసియాలో ఒక రేవునుండి మరియొక రేవునకు పోవునప్పుడును కాగితములు చూపవలసియుండును. మాకు ఈ తిరుగుడు శ్రమగా తోచినది కాని, పూర్వము మలక్కా సుల్తానుల కాలమున ఈ పనులన్నిటిని చూచుటకు నలుగురు అధికారులుండిరి. వారి పేరు 'షాబందరు'. బందరనగా పారసీక భాషలో ఓడరేవు. షాబందరనగా రేవునకు దొర. మా ఊరి పేరును, వారి అధికారి పేరును ఒక్క మాటనుండియే పుట్టినవి. ఒక షాబందరు గుజరాతీ వర్తకులకు; ఒకడు మన తూర్పుతీరము, బంగాళము, పెగూ, పసాయి వారికి; ఒకడు జావా, మొలక్కసు మున్నగు ద్వీపములవారికి; ఒకడు చీనా, చంపా, ర్యూక్యూ వారికి. వచ్చినవారి భాషను, తూనికలను, ఆచారములను ఎరిగినవాడే వారిని పరామర్శించునట్లు చేసిన ఏర్పాటు ఇది.

సుంకమునకు ముందు సరకు వెల కట్టవలెను కదా. ఆ పనికి పదిమంది వర్తకులు కూర్చుండెడివారనియు, వారిలో అయిదుగురు కెళింగులు, అయిదుగురు ఇతర జాతులవారనియు పిరేష్ వ్రాసెను. పడమటినుండి వచ్చిన సరకుపై నూటికి 6 వంతున సుంకము. తూర్పునుండి వచ్చినవారు సుంకమునకు బదులు కానుకలు చెల్లించెడివారు. ఇచ్చట వచ్చిన కెళింగులను మాటను దయచేసి గుర్తుంచుకొనుడు. దానిని గూర్చి ముందు చెప్పవలసినది చాల ఉన్నది.

ఓడలోపలి న్యాయమునకు వేరొక శాసనము కలదు. దానికి మలక్కా సముద్రశాసనమని పేరు. 1488 మొదలు 1511 వరకు ఏలిన మహమూదు సుల్తాను కాలమున, అనుభవశాలురైన ఓడ నాయకులే కూడి దీనిని సమకూర్చిరి. సముద్రముమీద నాకుదా, అనగా ఓడ నాయకుడు, రాజుతో సమానుడు; చుక్కాని పట్టువాడు మంత్రివంటివాడు. కాని ఆ రాజు నిరంకుశుడు కాడు. తుపానులో ఓడ తేలికపరచుటకు సరకు పారవేయవలసివచ్చినచో ఓడలోని వర్తకులను సంప్రదింపవలెను. నష్టమును ఎవరి సరకును బట్టి వారు పంచుకొనవలెను. నాకుదా ఆలస్యమువలన గాలికాలము దాటిపోయినచో, ఓడలో స్థలమునకై వర్తకులిచ్చిన సొమ్మును వారికి తిరిగి ఇయ్యవలెను. గాలి కాలమును చట్టములోనికి ఎక్కించిన నగరమిది. సుమత్రా గాలివాన తిన్న మరునాడే ఈ శాసనమును గూర్చి చదివితిమి గనుక, ఇందలి ప్రతి నియమము వెనుకను మునిగిన ఓడ ఒకటి మాకు కనబడెను.

ఒడ్డున మేము మొదట చూచినది ఒక కోటద్వారము. కోట లేదు, ద్వారము మాత్రమే మిగిలినది. 1511లో ఆల్బుకర్కు అను పోర్చుగీసు సేనాని సుమారు 18 ఓడలతో వచ్చి, ఆగస్టు మాసమున ఈ నగరమును పట్టుకొని, ఈ కోట కట్టించెను. సుగంధద్రవ్యముల వర్తకమునకు కంఠమువంటి చోటును చేజిక్కించుకొన్నచో ఆ వర్తకమంతయు తమదగునని వారి తలంపు. 1641లో డచ్చివారు దీర్ఘముగా ముట్టడించి దానిని గెలుచుకొనిరి. ద్వారముపైనున్న 1670 అను అంకె వారు చెక్కించినదే. 1807లో ఆంగ్లేయులు, ఈ కోట శత్రువుల చేతిలో పడునేమో అని మందుగుండుతో కూల్చివేసిరి. ఈ ఒక్క ద్వారము మాత్రము మిగిలెను. 1824 సంధితో నగరము పూర్తిగా ఆంగ్లేయుల వశమయ్యెను.

ఆ ద్వారముయొద్ద నిలుచుండి సముద్రమునకై చూచితిమి. కనబడలేదు. ఒకప్పుడు కెరటములు ఈ కోటగోడను తాకెడివి. నేడు ద్వారమునకెదురుగా పచ్చికబయలు, దాని పొరుగున పెద్ద అంగళ్ళు, వాని కావల పూడ్చిన నేలపై వీధులు, వాని కావల ఎక్కడనో సముద్రము. రేవు నగరములో సముద్రమునకు దారి అడుగవలసివచ్చుట మాకు వింతగా తోచెను.

గుట్టపైనున్న గుడి 1521లో పోర్చుగీసువారు కట్టినది. 1553లో ఫ్రాన్సిస్ జేవియరు దేహమును గోవాకు చేర్చుటకు ముందు కొన్నాళ్ళు ఇచ్చట పాతిపెట్టిరి. గోడలకానించి నిలిపిన పెద్ద సమాధి రాళ్ళపై డచ్చివారి ఓడల బొమ్మలును, చిహ్నములును చెక్కబడియున్నవి. గుట్ట దిగినంతనే 1650 ప్రాంతమున కట్టిన డచ్చి గవర్నరు భవనమును, 1753లో పూర్తియైన క్రైస్తవ దేవాలయమును ఎఱ్ఱరంగుతో నిలిచియున్నవి. నది యొడ్డున ఒక పెద్ద కొయ్య ఓడ ఉన్నది. అది 1511లో మలక్కా కొల్లసొమ్ముతో పోవుచు సుమత్రా తీరమున మునిగిన 'ఫ్లోర్ డె లా మార్' అను ఓడకు నమూనా. నేడది నౌకాచరిత్ర ప్రదర్శనశాల.

ఇంతటి కోట కట్టియు పోర్చుగీసువారు కోరినది దక్కలేదు. కోట గోడలు కట్టవచ్చును గాని వర్తకులను కట్టివేయలేము. తురక వర్తకులలో పలువురు మలక్కాను విడిచి సుమత్రా ఉత్తరకొనయందలి ఆచే రాజ్యమునకు మరలిరి. తరువాత డచ్చివారికి జావాలోని బటావియా ముఖ్యము. ఆంగ్లేయులకు 1786నుండి పెనాంగు, 1819నుండి సింగపూరు ముఖ్యము. అంతలో ఆవిరి ఓడ పుట్టెను. గాలి మారువరకు కాచుకొనవలసిన అవసరమే తీరిపోయినప్పుడు, కాచుకొనుటకై పుట్టిన రేవుతో ఏమి పని? దానికితోడు నది తెచ్చిన ఒండ్రు తీరమును మెరక చేసెను. మలక్కా ఆగిపోయిన గడియారమువలె నిలిచిపోయెను. అందుచేతనే ప్రాతవీధులు చెడక మిగిలినవి. 2008లో పెనాంగులోని జార్జిటౌనుతోపాటు ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో దీనిని చేర్చిరి.

నదికి ఆవలనున్న ప్రాతవీధులలో ఒకదానిలో, కొన్ని అడుగుల దూరములోనే మూడు మతముల మందిరములు కలవు. 1781 నాటి వినాయకుని కోవెల, 1748లో స్థాపింపబడిన మసీదు, 17వ శతాబ్దమునాటి చీనా దేవాలయము. మసీదు కప్పు మన దేశపు గుమ్మటమువలె లేదు. మెట్లుమెట్లుగా పేర్చిన గొడుగువలె ఉన్నది. దాని పేరు కంపుంగ్ కెళింగ్ మసీదు, అనగా కెళింగుల పేట మసీదు. వినాయకుని కోవెల ఇచ్చటి చెట్టిల చరిత్రతో ముడిపడినది. చెట్టిలనువారు ఇచ్చటికి వచ్చి, ఇచ్చటి స్త్రీలను పెండ్లాడి, తరతరములుగా నిలిచిపోయిన వర్తకుల సంతతి. వారి ఇంటి భాష మలయు. స్త్రీల కట్టు మలయుల కట్టు. దేవతలు మాత్రము మన దేవతలు.

కోవెల సమీపమున పూలదండలు గ్రుచ్చుచున్న ఒక ముసలమ్మ మా మాటలు విని చేయి ఆపెను.

"ఏ ఊరు నాయనా మీది?" అని అడిగెను. తెలుగు! ఆ వీధిలో ఆ మాట వినబడునని మేమనుకొనలేదు.

"బందరండి, మామ్మగారూ" అంటిమి.

"మా తాతలది శ్రీకాకుళం జిల్లా. ఓడెక్కి వచ్చేరు. పెరాక్‌లో కొబ్బరితోట పని. నన్ను ఈ ఊరికిచ్చేరు" అని చెప్పి, కొంతసేపు దారము సరిచేసికొని, "చదువుకున్నవాళ్ళలా ఉన్నారు, ఓ మాట అడుగుతాను బాబూ. చిన్నప్పుడు బడిలో మా అన్నని కెళింగ్, కెళింగ్ అని ఏడిపించీవారు. వాడు ఏడుస్తూ ఇంటికొస్తే, అది తిట్టు కాదురా, మన దేశం పేరు అనీవాడు మా నాన్న. అన్న నమ్మలేదు. పోయేదాకా నమ్మలేదు. నాన్న చెప్పింది నిజమేనా?" అని అడిగెను.

ఈ ప్రశ్నకు మాకు తెలిసిన సమాధానమును వీధిలోనే చెప్పితిమి. ఇంకొంచెము వివరముగా ఇచ్చట చెప్పుచున్నాము.

కెళింగ్ అను మాటను నేటి మలేసియాలో భారతీయులు తిట్టుగా భావింతురు. ఎవరినైనను ఆ మాటతో పిలుచుట మర్యాద కాదు. ఆంగ్లేయులు మన దేశమునుండి ఖైదీలను తెచ్చి బాటలు వేయించినప్పుడు వారి కాలి సంకెలల మోతనుబట్టి ఈ పేరు వచ్చినదని ఒక కథ ప్రచారములో ఉన్నది. ఈ కథ కుదరదు. ఆంగ్లేయులు ఖైదీలను ఈ ప్రాంతమునకు తెచ్చుట 18వ శతాబ్దము చివర మొదలయ్యెను. కాని అంతకు 270 ఏండ్లకు పూర్వమే పిరేష్ తన గ్రంథమున ఈ పేరు వ్రాసినాడు; వ్రాసినది ఖైదీలను గూర్చి కాదు, సుంకపు సభలో కూర్చుండి వెలలు కట్టిన పెద్ద వర్తకులను గూర్చి. మలయుల ప్రాచీన రాజవంశ చరిత్రలోను కెళింగ్ దేశము గొప్ప దేశముగనే చెప్పబడినది.

పండితులలో ఎక్కువమంది అంగీకరించిన మూలము కళింగము. గోదావరికిని మహానదికిని నడుమనున్న తీరమును ఆ పేరుతో పిలిచెడివారు. శ్రీకాకుళము జిల్లాలో వంశధారానది సముద్రమున కలియుచోట నేటికిని కళింగపట్టణమను రేవు ఊరు కలదు. తూర్పు గాంగులు ఏలిన కళింగనగరము అదే జిల్లాలోని ముఖలింగ ప్రాంతముననే ఉండెను. మొదట ఆ తీరమునుండి పోయిన ఓడలవారి పేరు, పిమ్మట దక్షిణముననున్న తెలుగు, తమిళ తీరముల వారందరికిని చెల్లినది. మలక్కా వైభవకాలమున కెళింగులనబడినవారిలో తమిళులే హెచ్చని చెప్పవలెను. ఒక తీరమువారి పేరుతో పలు తీరములవారిని పిలుచుట పరదేశములలో సామాన్యమే.

వారు తెచ్చిన సరకులో ముఖ్యమైనది బట్ట. అప్పుడు విజయనగర రాజ్యములోనిదియు, నేడు తమిళనాడులోనిదియునైన పులికాటునుండి అద్దకపు బట్టలు మలక్కాకు పోయెడివి. ద్వీపములలో లవంగమును, జాజికాయను పండించువారు వెండికంటె ఈ బట్టనే ఎక్కువగా కోరిరి. 17వ శతాబ్దమున డచ్చివారు మచిలీపట్టణమునను పులికాటునను బట్టలు కొని, వానితో సుగంధద్రవ్యములు కొనిరి. సులవేసి ద్వీపమునందలి తొరాజా ప్రజలు మన దేశపు ప్రాతబట్టలను పవిత్రవస్తువులుగా దాచి, పండుగలకు మాత్రమే తీయుదురు. మన తీరమున వాడుకలో చిరిగిపోయినవి అక్కడ పెట్టెలలో నిలిచియున్నవి.

కెళింగుల చరిత్రయంతయు కీర్తిగాథయే అని చెప్పుట కూడ సరికాదు. నీనా చతు అను కెళింగు వర్తకుడు, సుల్తాను చెరలోనున్న పోర్చుగీసువారికి రహస్యముగా సహాయము చేసెను. నగరము పోర్చుగీసుల వశమైన పిమ్మట వారతనికి పెద్ద పదవి నిచ్చిరి. 1514లో ఆ పదవిని వేరొక రాజునకిచ్చుటకు నిశ్చయింపగా, ఆ అవమానమును సహింపలేక అతడు చితి పేర్పించి అగ్నిప్రవేశము చేసెనని పోర్చుగీసు చరిత్రకారులు వ్రాసిరి. కోట ఉన్నవాని స్నేహమునకు, సుంకపు సభలో పదిమంది కూర్చుండి వెల కట్టిన నాటి మర్యాదకు ఎంత భేదమో అతని కథ చెప్పుచున్నది.

ఆ గౌరవనామము తిట్టుగా ఎట్లు మారెను? మాట మారలేదు, దానితో కూడ వచ్చు మనిషి స్థితి మారెను. 15వ శతాబ్దమున ఆ పేరుగలవాడు సొంత ఓడలో సొంత సరకుతో దిగెను. 19వ, 20వ శతాబ్దములలో ఆ పేరుగలవాడు తోటపనికై పరుల ఓడలో, చేతిలో ఒప్పందపు కాగితముతో దిగెను. మన విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములనుండి అట్లు పోయినవారు వేలకొలది. వచ్చినవాడు పేదవాడగుటచే వాని పేరు చులకన యయ్యెను. కనుక ముసలమ్మ తండ్రి చెప్పినది నిజమే. ఆమె అన్నకు కలిగిన నొప్పియు నిజమే. మూలము మంచిదైనంతమాత్రమున తిట్టు దీవెన కాదు. అయినను, తన్ను కొట్టిన రాయి తన తాతల ఇంటి రాయియే అని తెలిసికొను హక్కు ఆ పిల్లవానికి ఉండెను.

మేము చెప్పినదంతయు ఆమె వినెను. "అయితే నాన్న అబద్ధం చెప్పలేదన్నమాట" అని మాత్రమనెను. కళింగపట్టణము ఇంకను ఉన్నదా, అక్కడ సముద్రము ఊరికి దగ్గరగా ఉండునా అని అడిగెను. ఉన్నదనియు, ఇసుక తిన్నె దిగినచో సముద్రమే అనియు, ఒడ్డున దీపస్తంభమున్నదనియు చెప్పితిమి. ఆమె ఒక మల్లెదండ త్రెంపి ఇచ్చి, "పడవకి కట్టండి. డబ్బులొద్దు" అనెను.

మరునాడు ఉదయమున ఆటు మొదలుకాగానే లంగరు ఎత్తితిమి. గొలుసు వెంట నల్లని బురద పైకి వచ్చెను. దానిని కడుగుటకు నాలుగు బకెట్ల నీరు పట్టెను. ఆ నది ఆరువందల ఏండ్లుగా తెచ్చి పోసిన మట్టి అది. ఆ మట్టియే నగరమునకు సముద్రమును దూరము చేసినది. మల్లెదండను ముందుకొయ్యకు కట్టితిమి. నైరృతి గాలి ఇంకను పూర్తిగా రాలేదు. తెరచాప నింపుటకు చాలినంత గాలి మాత్రము గంటసేపు వీచెను. ఆ గంటసేపు యంత్రమును ఆపి, గుట్టపైని తెల్లని దీపస్తంభము హోటళ్ళ వెనుక మరుగుపడువరకు చూచుచుంటిమి.